128 మంది, 3 తుపాకులు: సైన్యంలో నిజం ఎక్కడ ఆగిపోతుంది?

అందరికీ నమస్కారం. ముందు వరసలో మాజీ సైనికులున్నారు, వెనక ఎన్‌సీసీ కేడెట్లున్నారు. మాజీ సైనికులకు కొన్ని సంగతులు తెలిసినవే అయి ఉంటాయి, ఓపిక పట్టాలి. కేడెట్లూ, మీరు మాత్రం రెండు అంకెలు రాసుకోండి. 128, 3.

1968 మార్చి 16. దక్షిణ వియత్నాంలో క్వాంగ్ న్గాయ్ అనే రాష్ట్రం, సన్ మీ అనే గ్రామం. ఆ గ్రామంలోని వాడల్లో ఒకదాన్ని అమెరికా సైన్యం తన మ్యాపుల్లో మై లాయ్ అని రాసుకుంది. ఆ రోజు ఆపరేషన్ ముగిశాక పైకి వెళ్ళిన లెక్క ఏమిటంటే, శత్రువులు 128 మంది హతం, దొరికిన ఆయుధాలు 3. ఊళ్ళోకి దిగిన చార్లీ కంపెనీ అనే దళంలో గాయపడింది ఒక్కడు. వాడు కూడా తన కాలిని తానే కాల్చుకున్నాడు.

ఒక్క నిమిషం ఆలోచించండి. 128 మంది సాయుధులు చనిపోతే తుపాకులు ఎన్ని దొరకాలి? అన్నీ దొరక్కపోవచ్చు, కొన్ని పారిపోయినవాళ్ళు పట్టుకుపోవచ్చు. సగమైనా ఉండాలి కదా? పోనీ, పాతిక? మూడు దొరికాయి. 128 మంది ఎదురు తిరిగి పోరాడితే ఇటువైపు ఒక్కడికి కూడా శత్రువు తూటా తగల్లేదు. తుపాకులు లేని ఆ శత్రువులు ఎవరు?

ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు. తర్వాత వియత్నాం వాళ్ళు పేర్లతో సహా తేల్చిన లెక్క 504. అమెరికా సైన్యం ఒప్పుకున్న అంచనా 347. ఆ 128, ఆ 3 అన్నవి బెటాలియన్ స్థాయి టాస్క్ ఫోర్స్ నుంచి బ్రిగేడ్‌కి, బ్రిగేడ్ నుంచి డివిజన్‌కి వెళ్ళాయి. ఎంతోమంది అనుభవజ్ఞులైన ఆఫీసర్లు చూశారు. ఆ చూసినవాళ్ళలో ఎవరూ "ఇదేం లెక్క?" అని గట్టిగా నిలదీయలేదు. ఇవాళ నేను మాట్లాడదలుచుకున్నది ఈ విషయం గురించే. నైతిక ధైర్యం అనగానే మనకు పై అధికారిని ఎదిరించిన వీరుడు గుర్తొస్తాడు. సైన్యంలో అది చాలావరకు నిజాన్ని పైకి చేర్చే పని. ఆ దారి తెరిచి ఉంచాల్సింది నాయకుడు. మూసేదీ నాయకుడే.

ఆ రోజు ఆ ఊరి మీద ఓ చిన్న హెలికాప్టర్ తిరుగుతోంది. ఓహెచ్-23, ముగ్గురు పట్టే గాజు బుడగ లాంటి యంత్రం. దాన్ని నడుపుతున్నవాడు హ్యూ థాంప్సన్, వారంట్ ఆఫీసర్, వయసు 24. అతనితో క్రూ చీఫ్ గ్లెన్ ఆండ్రియోటా, గన్నర్ లారెన్స్ కోల్‌బర్న్. కోల్‌బర్న్‌కి 18 ఏళ్ళు. ఇక్కడున్న కేడెట్లలో కొందరి వయసే. వాళ్ళ డ్యూటీ, చెట్ల ఎత్తున ఎగురుతూ శత్రువు ఎక్కడున్నాడో కనిపెట్టడం. కాపలాగా రెండు గన్‌షిప్‌లు, అంటే ఆయుధాలున్న హెలికాప్టర్లు.

థాంప్సన్ చేసిన పనుల వరస చూడండి. ఆ వరసలోనే పాఠం ఉంది. మొదట పొలాల్లో గాయపడ్డ ఊరివాళ్ళు కనిపించారు. వాళ్ళ పక్కన ఆకుపచ్చ పొగ గుర్తు వేశాడు, కింది సైనికులు వచ్చి వైద్యం చేస్తారని. ఓ చుట్టు తిరిగి వచ్చేసరికి వాళ్ళు చచ్చి ఉన్నారు. అప్పటికీ తొందరపడలేదు. ఒక సాగునీటి కాలవలో శవాల మధ్య కదులుతున్న మనుషులు కనిపిస్తే హెలికాప్టర్ దింపి అక్కడి సార్జెంట్‌ని అడిగాడు, వీళ్ళకి సాయం చెయ్యగలరా అని. వచ్చిన జవాబు, వాళ్ళ బాధ తీర్చేయడమే సాయం అని. తర్వాత లెఫ్టినెంట్ విలియం కాలీతో మాట్లాడాడు. ఇది నా వ్యవహారం, నీ పని నువ్వు చూసుకో అన్నట్టు కాలీ కొట్టిపారేశాడు. లెఫ్టినెంట్ ముందు వారంట్ ఆఫీసర్ చిన్న ర్యాంకు, గుర్తుపెట్టుకోండి. థాంప్సన్ పైకి లేచాడో లేదో కాలవ దగ్గర మళ్ళీ కాల్పులు మొదలయ్యాయి.

చూశారా? గుర్తు వేశాడు, అడిగాడు, పై ర్యాంకు వాడికి చెప్పాడు. మూడు మెట్లు అయ్యాయి. నాలుగోదానికి అప్పుడు వెళ్ళాడు. కొంతమంది ఊరివాళ్ళు ఓ బంకర్ వైపు పరిగెడుతున్నారు, వెనక నుంచి సైనికులు తరుముతున్నారు. థాంప్సన్ ఆ ఇద్దరి మధ్యా హెలికాప్టర్ దింపాడు. బంకర్లో వాళ్ళని బయటికి తీసుకురావడం ఎలా అంటే అక్కడి లెఫ్టినెంట్ గ్రెనేడ్ ఒక్కటే దారి అన్నాడు. థాంప్సన్ తన ఇద్దరు కుర్రాళ్ళకీ ఒక ఆజ్ఞ ఇచ్చాడు. నేను వీళ్ళని బయటికి తెస్తాను, మనవాళ్ళు వీళ్ళ మీద గానీ నా మీద గానీ కాలిస్తే మీరు మనవాళ్ళని కాల్చండి అని. ఇచ్చి, తాను బంకర్ దగ్గరికి నడిచి, సైగలతో పిలిచి ఒక్కొక్కరినీ బయటికి తెచ్చాడు. పది మంది దాకా ఉన్నారు. తన హెలికాప్టర్లో పట్టరు. రేడియోలో గన్‌షిప్ పైలట్లని బతిమాలి ఒకదాన్ని దింపించి, రెండు విడతల్లో అందరినీ తరలించాడు. ఒక్క తూటా పేలలేదు.

తర్వాత మళ్ళీ కాలవ దగ్గరికి వెళ్ళారు. ఆండ్రియోటా శవాల మధ్యలోకి దిగి, ప్రాణంతో ఉన్న ఓ పసివాణ్ణి బయటికి లాగాడు. ఆ బిడ్డని క్వాంగ్ న్గాయ్ ఆసుపత్రికి చేర్చారు. ఆ తర్వాత థాంప్సన్ తన బేస్‌కి వెళ్ళి కమాండర్‌కి నోటితో రిపోర్ట్ ఇచ్చాడు. ఆ మాట టాస్క్ ఫోర్స్ కమాండర్ దాకా వెళ్ళింది, కాల్పులు ఆపమని రేడియోలో కిందికి మాట వచ్చింది. రిపోర్ట్ పనిచేసిందా? చేసింది. ఆ పూటకి చేసింది.

మరి తర్వాత?

ఇక్కడి నుంచి నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే ఈ భాగం మీద మాట్లాడేవాళ్ళు తక్కువ. బ్రిగేడ్ కమాండర్ కర్నల్ హెండర్సన్, కంపెనీని మళ్ళీ ఊళ్ళోకి వెళ్ళి చనిపోయినవాళ్ళు ఎవరో, ఎలా పోయారో చూసి రమ్మన్నాడు. మంచి ఆజ్ఞ. కంపెనీ కమాండర్ మెడీనా అభ్యంతరం చెప్పాడు. రేడియోలో అది విన్న డివిజన్ కమాండర్ మేజర్ జనరల్ కోస్టర్ ఆ ఆజ్ఞని రద్దు చేశాడు. రెండు రోజులకి హెండర్సన్ థాంప్సన్‌ని పిలిచి మాట్లాడాడు. మెడీనాని కూడా అడిగాడు. మెడీనా చెప్పింది నమ్మాడు. ఏప్రిల్ 24న హెండర్సన్ రాసిన రిపోర్ట్‌లో ఏముందంటే, 20 మంది దాకా పౌరులు ఫిరంగి కాల్పుల్లో, ఎదురుకాల్పుల మధ్య చిక్కుకుని పొరపాటున చనిపోయారని. కళ్ళతో చూసినవాడు చెప్పింది ఒకటి. ఒక్కో బల్ల మీదికీ వెళ్ళేసరికి దానిలోంచి కొంచెం కొంచెం తీసేశారు. చివరి బల్ల మీద 20 మంది, పొరపాటు, అంతే మిగిలింది. పెద్ద కుట్ర ఒక్క గదిలో కూర్చుని పన్నారని అనుకోకండి. ఒక్కొక్కడూ తన మెట్టు దగ్గర అడగాల్సిన ఒక్క ప్రశ్న అడగడం మానేస్తే చాలు, ఇంత పని అవుతుంది.

అందుకే కమాండర్ కుర్చీలో కూర్చోబోయేవాళ్ళకి చెప్తున్నాను. ఎవరో పెద్ద విజయం రిపోర్ట్ చేస్తే చప్పట్లు కొట్టే ముందు మూడు అడగండి. ఆయుధాలు ఎన్ని దొరికాయి? మనవాళ్ళకి దెబ్బలు ఎన్ని? లెక్కపెట్టింది ఎవరు, ఏ టైంకి, దగ్గరికి వెళ్ళా, పైనుంచా? ఈ మూడూ కలవకపోతే, మీరే లేచి వెళ్ళి చూడండి. మీరు ఎవరినైనా పంపితే, ఆ పని చేసినవాడినే పంపకండి. ఎవరి మీద ఫిర్యాదు వచ్చిందో అతన్నే విచారణకి ఆధారం చేసుకోవడం, హెండర్సన్ చేసినది అదే.

అసలు ఆ కంపెనీ అలా ఎందుకు తయారైంది? దానికీ కారణాలు ఉన్నాయి, అవన్నీ నాయకత్వానివే. ఆ కంపెనీ అప్పటికి కొన్ని వారాలుగా మందుపాతరల వల్ల మనుషుల్ని పోగొట్టుకుంటోంది, కానీ శత్రువు ముఖం కనిపించలేదు. దాడికి రెండు రోజుల ముందు ఒక సార్జెంట్ చనిపోయాడు. దాడి ముందురోజు అతనికి సంతాప సభ పెట్టారు. మర్నాటి ఆపరేషన్ బ్రీఫింగ్ ఆ సభ అవగానే మెడీనా ఇచ్చాడు. కళ్ళల్లో నీళ్ళు ఉన్నవాళ్ళకి, పళ్ళు కొరుకుతున్నవాళ్ళకి, ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళంతా శత్రువులే అన్న భావం కలిగేలా ఆదేశం. పౌరులు ఎదురైతే ఏం చెయ్యాలన్న దానిమీద స్పష్టత లేదు. మెడీనా "అందరినీ చంపండి" అన్నాడని కొందరు, అనలేదని కొందరు తర్వాత విచారణలో చెప్పారు. ఆజ్ఞ అంటే అలా ఉండకూడదు. ఇంకోటి, ఆ యుద్ధంలో శవాల సంఖ్యే విజయానికి కొలబద్ద. ఏది కొలిస్తే అది పెరుగుతుంది, తెచ్చేవాడు తెస్తాడు.

ఈ సంగతి బయటపెట్టింది ఆ రోజు అక్కడ లేని మాజీ సైనికుడు, రాన్ రైడెన్‌అవర్. 1969 మార్చి 29న వాషింగ్టన్‌లోని సుమారు 30 మంది పెద్దలకి ఉత్తరం రాశాడు. కేడెట్లూ, ఫిర్యాదు ఎలా రాయాలో నేర్చుకోవాలంటే ఆ ఉత్తరం తీరు చూడాలి. తాను చూడలేదని ముందే చెప్పాడు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ తనతో చెప్పారో విడివిడిగా రాశాడు. కాలీ పేరు సరిగ్గా తెలియక విన్నట్టుగా రాశాడు. విచారణ జరపమన్నాడు, శిక్ష వెయ్యమనలేదు. కింద సంతకం పెట్టాడు. ఆకాశరామన్న ఉత్తరం అయితే చెత్తబుట్టలోకి పోయేది.

తర్వాత లెఫ్టినెంట్ జనరల్ పీర్స్ విచారణ జరిగింది. శిక్ష పడింది మాత్రం 1971లో కాలీ ఒక్కడికే, అదీ చాలావరకు గృహనిర్బంధంలో మూడున్నరేళ్ళు. కోస్టర్‌కి ఒక ర్యాంకు తగ్గించారు. థాంప్సన్‌కి? కాంగ్రెస్‌లో ఓ పెద్ద సభ్యుడు, శిక్ష పడాల్సింది ఈ పైలట్‌కే అన్నాడు. బెదిరింపులు వచ్చాయి. ఆ ముగ్గురికీ సోల్జర్స్ మెడల్ ఇచ్చింది 1998 మార్చి 6న, 30 ఏళ్ళకి. ఆండ్రియోటా 1968 ఏప్రిల్‌లోనే యుద్ధంలో పోయాడు. తన కుర్రాళ్ళిద్దరికీ ఇస్తేనే, బహిరంగంగా ఇస్తేనే తీసుకుంటానని థాంప్సన్ పట్టుబట్టాడు.

అమెరికా సంగతి సరే, మన దగ్గర? మన దగ్గర నేను రెండు సంవత్సరాలు పక్కపక్కన పెడతాను. 1962, 1971.

1962 సెప్టెంబరులో తవాంగ్ పడమటి కొసన నామ్కా చూ వాగు దగ్గర, ధోలా పోస్ట్ పక్కన చైనా సైన్యం దిగింది. వాళ్ళని వెళ్ళగొట్టమని పైనుంచి ఆజ్ఞ. అప్పుడు అక్కడ 33వ కోర్ కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ ఉమ్రావ్ సింగ్. ఆయన చెయ్యనని అనలేదు. ఆ ఎత్తులో, చలికాలం ముందు ఆ పని చెయ్యాలంటే ఎంత సరుకు కావాలి, అది అక్కడికి చేరడానికి ఎంత కాలం పడుతుంది, ఇవి కాగితం మీద పెట్టాడు. అవి ఇస్తే చేస్తానన్నాడు. ఇది అభ్యంతరం చెప్పే సరైన పద్ధతి. ఏమైంది? అక్టోబరు మొదట్లో 4వ కోర్ అని కొత్తది పుట్టించి, లెఫ్టినెంట్ జనరల్ కౌల్‌ని దానికి వేసి, ఆ ప్రాంతాన్ని ఉమ్రావ్ సింగ్ చేతిలోంచి తీసేశారు. బ్రిగేడియర్ జాన్ దాల్వీ కింద ఉన్న 7వ బ్రిగేడ్ ఆ వాగు వెంట పల్చగా పరుచుకుని ఉంది. ఒంటి మీద చాలామందికి నూలు యూనిఫాం, మనిషికి 50 తూటాలు. అక్టోబరు 20 తెల్లవారుజామున దాడి జరిగింది. ఉదయం గడిచేసరికి ఆ బ్రిగేడ్ లేదు. దాల్వీ 22న పట్టుబడ్డాడు.

ఆ కాగితంలో రాసినది ఢిల్లీలో చదివినవాళ్ళకి అర్థం కాలేదా? అయ్యే ఉంటుంది. చెప్పినవాణ్ణి మార్చేస్తే సమస్య పోతుందనుకున్నారు.

1971 ఏప్రిల్‌కి రండి. తూర్పు పాకిస్తాన్ మీదికి వెంటనే వెళ్ళగలరా అని ప్రధాని ఇందిరా గాంధీ అడిగితే, జనరల్ మానెక్‌షా వెళ్ళలేమన్నాడు. తర్వాత ఆయనే సభల్లో చెప్పుకున్న ప్రకారం కారణాలు ఇవి. వానలు మొదలైతే అక్కడి నదులు దాటలేం. హిమాలయాల్లో కనుమలు తెరిచి ఉంటాయి, చైనా రావచ్చు. కోతల కాలం, రైళ్ళు ధాన్యానికి కావాలి. ట్యాంకులు సిద్ధంగా లేవు. కావాలంటే రాజీనామా ఇస్తానన్నాడు. ఆ మాట విని ప్రధాని సమయం ఇచ్చారు. డిసెంబరు 3న యుద్ధం మొదలైంది, 16న ఢాకాలో లొంగుబాటు. రెండుసార్లూ సైన్యం చెప్పింది దాదాపు ఒకటే, సిద్ధంగా లేం, ఇవి కావాలి అని. తేడా అంతా వినేవాళ్ళలో ఉంది. ధైర్యంగా చెప్పేవాడి గురించి ఎన్నో ప్రసంగాలు వింటాం, వినే ధైర్యం గురించి ఎవరైనా చెప్తారా? తను అనుకున్నది తప్పని నలుగురి ముందు కిందివాడు చెప్తుంటే కోపం దిగమింగి "ఇంకా చెప్పు" అనడం చాలా కష్టం.

సరే, ఇప్పుడు చట్టం. దీని మీద అపోహలు ఎక్కువ. 1950 ఆర్మీ చట్టం 41వ సెక్షన్ ఆజ్ఞ ధిక్కారం గురించి. అందులో ఉన్నది చట్టబద్ధమైన ఆజ్ఞ. ఆ విశేషణం లేకుండా ఆ సెక్షన్ లేదు. ఎదుటే ధిక్కరిస్తే 14 ఏళ్ళ వరకు శిక్ష. భారతీయ న్యాయ సంహితలో 14వ సెక్షన్, పాత పీనల్ కోడ్‌లో 76, చట్టానికి కట్టుబడి పనిచేసిన సైనికుడిది నేరం కాదంటుంది. అక్కడా అంతే, "పై అధికారి చెప్పాడు" ఒక్కటే చాలదు, చట్టం చెప్పిన మేరకు ఉండాలి.

అల్లరి మూకల్ని చెదరగొట్టడానికి సైన్యాన్ని పిలిస్తే ఏం చెయ్యాలి? నాగరిక్ సురక్షా సంహిత 149వ సెక్షన్. మేజిస్ట్రేట్ కోరితే ఆఫీసర్ చెయ్యాల్సిందే. ఎలా చెయ్యాలన్నది మాత్రం ఆఫీసర్ విచక్షణ, వీలైనంత తక్కువ బలంతో, వీలైనంత తక్కువ గాయంతో. ఈ మాట ఎంత ముఖ్యమో తెలియాలంటే 1919 ఏప్రిల్ 13 గుర్తు చేసుకోండి. జలియన్‌వాలా బాగ్‌లో డయ్యర్ హెచ్చరిక లేకుండా 10 నిమిషాల్లో 1650 తూటాలు పేల్పించాడు, గాయపడ్డవాళ్ళని వదిలేసి వెళ్ళిపోయాడు. ఇప్పటి డ్రిల్‌లో మైకులో హెచ్చరిక ముందు, గురి కింద, ఒక్కో తూటా ఎవరు కాల్చాలో పేరు పెట్టి ఆజ్ఞ, గుంపు కదలగానే ఆపడం, గాయపడ్డవాళ్ళకి వెంటనే వైద్యం, పేలిన తూటాల లెక్క. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయన జవాన్లు నిరాయుధుల మీద కాల్చమంటే కాల్చలేదు. కోర్టు మార్షల్ చేసి ఆయనకి యావజ్జీవం వేశారు, 1941 దాకా జైల్లో ఉన్నాడు.

ఇక చెయ్యాల్సిన పని. ఆజ్ఞ నచ్చకపోవడం వేరు, తెలివితక్కువది కావడం వేరు, చట్టవిరుద్ధం కావడం వేరు. కుర్రాళ్ళు ఈ మూడూ కలిపేస్తారు. నచ్చకపోతే చెయ్యాల్సిందే, నోరెత్తక్కర్లేదు. తెలివితక్కువది అనిపిస్తే నిర్ణయం కాకముందు చెప్పాలి. కాన్ఫరెన్స్‌లో చెప్పాలి, సాయంత్రం మెస్‌లో కాదు. "కుదరదు సార్" అనకూడదు. "సార్, ఈ పికెట్‌కి నీళ్ళు మోయడానికి రోజుకి ఇంతమంది కావాలి, నా దగ్గర ఉన్నది ఇంతమంది, రెండు రోజులు ఆగితే ఇలా చెయ్యొచ్చు" అనాలి. అంకె, కారణం, ఇంకో దారి. "అందరూ అనుకుంటున్నారు సార్" అనే మాట వద్దు, నీ పేరు మీద చెప్పు. అయినా ఆజ్ఞ అదే అంటే, అది నీ సొంత ప్లాన్ అన్నంత మనసు పెట్టి చెయ్యాలి. జవాన్ల ముందు మొహం చిట్లిస్తే వాళ్ళ ప్రాణాలు పోతాయి.

చట్టవిరుద్ధం అనిపిస్తే మొదటి పని, ఆజ్ఞ ఇచ్చినవాడికే దాన్ని ప్రశ్నగా తిరిగి వినిపించడం. "సార్, ఇళ్ళల్లో ఉన్నవాళ్ళందరినీనా, ఆయుధం పట్టుకున్నవాళ్ళనా?" చెడ్డ ఆజ్ఞల్లో చాలావాటికి ఈ ఒక్క ప్రశ్న చాలు, అక్కడికక్కడే మారిపోతాయి. ఇచ్చినవాడికి తను ఏం అన్నాడో అప్పుడు వినపడుతుంది. మారకపోతే రాతపూర్వకంగా అడుగు, లేదా రేడియో లాగ్‌లో టైంతో ఎక్కించు. అప్పటికీ మారకపోతే ఆ ఒక్క పనీ చెయ్యనని ఎదురుగా చెప్పు. పోస్ట్ వదలకు, ఆయుధం దించకు, మిగతా డ్యూటీ అంతా చెయ్యి, ఆ ఆజ్ఞ ఇచ్చినవాడి పై అధికారికి వెంటనే తెలియజెయ్యి. అన్నిటికంటే ముఖ్యం, నీతో పాటు జవాన్లని పోగుచెయ్యకు. నువ్వొక్కడివే చెయ్యనంటే 41వ సెక్షన్ మీద వాదించుకోవచ్చు. నలుగుర్ని కూడగట్టుకుంటే అది 37వ సెక్షన్, తిరుగుబాటు, దానికి మరణశిక్ష దాకా ఉంది.

కమాండర్లకి ఇంకొక్కటే. ఆపరేషన్ అయ్యాక మాట్లాడుకునేటప్పుడు ముందు అందరికన్నా చిన్నవాడితో చెప్పించండి, సీవో, అంటే యూనిట్ కమాండింగ్ ఆఫీసర్, ఆఖరున మాట్లాడాలి. సీవో ముందు మాట్లాడితే తర్వాత వినపడేదంతా ఆయన మాటే. తప్పు ఎత్తిచూపినవాణ్ణి ఆ వారంలో చెడ్డ డ్యూటీకి వెయ్యకండి, యూనిట్ మొత్తం చూస్తుంది. ఏ నెల చూసినా సున్నా తప్పులు, సున్నా క్రమశిక్షణ కేసులు రిపోర్ట్ చేసే సబ్‌యూనిట్ కనిపిస్తే మెచ్చుకోకముందు ఓసారి వెళ్ళి చూడండి.

"ఇదంతా చేస్తే నా ఏసీఆర్, అంటే పై అధికారి ఏటా రాసే రహస్య రిపోర్ట్, దాని సంగతేంటి?" అని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. నిజమే, మీరు కాదన్న మనిషే చాలాసార్లు మీ రిపోర్ట్ మొదట రాసేవాడు. ఆయన పైన రివ్యూ చేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు ఒక్కోసారి సరిదిద్దుతారు, అన్నిసార్లూ కాదు. ఆఫీసర్‌కి ఆర్మీ చట్టం 27వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం దాకా ఫిర్యాదు చేసుకునే హక్కుంది, మిగతా ర్యాంకులకి 26వ సెక్షన్. ఆ ఫిర్యాదు పెట్టి ఆరు నెలలు గడిచినా జవాబు రాకపోతే, 2007 చట్టంతో వచ్చిన సాయుధ దళాల ట్రిబ్యునల్‌కి నేరుగా వెళ్ళొచ్చు. జవాబు వచ్చి అది అన్యాయంగా ఉంటే, వచ్చిన రోజు నుంచి ఆరు నెలల్లోపు వెళ్ళాలి. గడువు దాటిపోయి ఓడిపోయేవాళ్ళున్నారు, అందుకే తారీఖులు రాసుకోండి. ఫిర్యాదుకి బలం ఆ రోజు లాగ్‌లో మీరు ఎక్కించిన టైం, మీరు వాడిన మాటలు, విన్నవాళ్ళ పేర్లు. అవి ఆ రాత్రే రాసి పెట్టుకోవాలి.

ఇక మీ ప్రశ్నలు. ముందు వెనక వరసవాళ్ళు అడగండి.